బేస్‌మెంట్ లేపాలా, తవ్వాలా?

పోయిన వేసవి సెలవుల్లో నేను వేసిన ఒక తప్పు లెక్క గురించి ఇది. సివిల్ బ్రాంచ్ వాళ్లు చదివి నవ్వుకోండి, పర్లేదు. మిగతా వాళ్లు మాత్రం పూర్తిగా చదవండి. ఇవాళ కాకపోతే పదేళ్లకైనా మీ ఇంట్లో ఎవరో ఒకరు "కింద ఒక సెల్లార్ తవ్విస్తే ఎంతవుతుంది?" అని మిమ్మల్నే అడుగుతారు. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి అన్ని లెక్కలూ వచ్చని మన ఇళ్లల్లో ఒక నమ్మకం ఉంది కదా!

మాది హనుమకొండ. నాన్నకి టెంట్ హౌస్ ఉంది. ఎప్పుడో కొని పెట్టిన 267 గజాల ప్లాటులో, అంటే 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు జాగాలో, ఇల్లు కట్టాలని ఈ ఏడాది గట్టిగా అనుకున్నాడు. అందరూ స్టిల్ట్ వెయ్యమన్నారు. కింద పిల్లర్లు, బండ్లు, పైన ఇల్లు. కానీ అలా అయితే మా బాపమ్మ రోజూ మెట్లెక్కాలి. ఆమె రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గుమ్మం దగ్గరి ఒక్క మెట్టు ఎక్కడానికే గోడ పట్టుకుంటుంది. లిఫ్ట్ పెడదామని మా చెల్లి అంది. "కరెంటు పోతే నన్ను నడిమిట్ల వేలాడదీస్తరా?" అని బాపమ్మ ఆ మాట అక్కడే కొట్టేసింది.

అందుకని నాన్న ఆలోచన: బండ్లని భూమి కిందికి పంపిద్దాం. ట్రాలీ, బైకులు, రేపు కిరాయికి వచ్చేవాళ్ల బండ్లు సెల్లార్‌లో ఉంటాయి. బాపమ్మ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటుంది. "తవ్వుడు ఖర్చు ఎంతైతదో నువ్వు చూడురా" అన్నాడు నాతో.

మొదటి రోజే పరువు పోయింది. మేస్త్రీ వచ్చాడు. నేను నా ఇంగ్లీష్ మీడియం గొంతుతో "అన్నా, బేస్‌మెంట్ పది అడుగులు అనుకుంటున్నాం" అన్నా. ఆయన నా వంక చూసి, ప్లాటు వంక చూసి, "పది అడుగులు లేపుతరా? ఏం, వరదలొస్తయా ఇక్కడ?" అన్నాడు. మన దగ్గర బేస్‌మెంట్ అంటే పైకి వెళ్లేది. నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా రాయో ఇటుకో కట్టి మొరం నింపే ఎత్తు అది. ఇందిరమ్మ ఇళ్ల బిల్లుల్లో కూడా 'బేస్‌మెంట్ లెవెల్' అంటే అదే. కిందికి తవ్వేదాన్ని సెల్లార్ అంటారు. ఇంగ్లీష్ సినిమాల్లో దయ్యాలుండే బేస్‌మెంట్ మన మేస్త్రీల భాషలో లేదు. మీరు ఎవరితోనైనా రేటు మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట సరిగా వాడండి, లేకపోతే పునాది ఎత్తుకి రేటు చెప్పి వెళ్లిపోతారు.

సరే, లెక్క. గది 25 అడుగుల వెడల్పు, 40 పొడవు, 10 లోతు. గుణిస్తే 10,000 ఘనపుటడుగులు. దీన్నే సైట్లో సీఎఫ్‌టీ అంటారు. తవ్వి బండిలో పోయడానికి సీఎఫ్‌టీకి 8 రూపాయలని నాన్న స్నేహితుడు ఒకాయన చెప్పాడు. (ఈ రేట్లన్నీ మా ఏరియాలో, ఆ నెలలో, మాకు చెప్పినవి. మీ ఊళ్లో వేరే ఉంటాయి. పద్ధతి చూడండి, రూపాయలు కాదు.) పైథాన్‌లో ఆరు లైన్లు రాశా. జవాబు 80,000. ఫోన్‌లో నాన్నకి చూపించి, "ఎనభై వేలే నాన్నా" అన్నా. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు గుర్తొస్తే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది.

ఆ ఆరు లైన్లలో తప్పు గుణకారంలో లేదు. నేను గదిని కొలిచాను. తవ్వాల్సింది గొయ్యి.

గది చుట్టూ గోడ ఉంటుంది. మామూలు ఇటుక గోడ కాదు, బయట నుంచి మట్టి తోస్తుంటే ఆపాల్సిన కాంక్రీటు గోడ, రిటైనింగ్ వాల్. దానికి ఒక అడుగు మందం అనుకుందాం. ఆ గోడ బయటి వైపు షట్టరింగ్ కట్టాలి, కాంక్రీటు ఆరాక తడి దిగకుండా పూత పూయాలి. అంటే గోడకీ మట్టికీ మధ్య ఒక మనిషి నిలబడి పనిచేసే జాగా కావాలి, కనీసం రెండడుగులు. ఒక్కో వైపు మూడడుగులు పెరిగింది. 25 కాస్తా 31 అయింది, 40 కాస్తా 46. లోతు కూడా పది కాదు. గచ్చు కాంక్రీటు, దాని కింద బెడ్డు, దాని కింద రాళ్ల సోలింగ్ అన్నీ కలిపి 12 అడుగులు దిగాలి. 31 × 46 × 12 అంటే 17,112. పదివేలు అప్పుడే పదిహేడు వేలు దాటింది. ఇంకా మొదలే పెట్టలేదు.

ఎందుకంటే మట్టి నిలువుగా నిలబడదు. బియ్యం బస్తా గుమ్మరిస్తే కుప్ప పక్కలకి జారి ఒక వాలు దగ్గర ఆగుతుంది చూశారా, మట్టికి కూడా అలాంటి వాలు ఉంటుంది. తడి, జిగట, గట్టిదనం బట్టి మారుతుంది. కొత్తగా తవ్విన గోయి గోడ ఒకటి రెండు రోజులు నిటారుగా నిలబడి మనల్ని మోసం చేస్తుంది. ఎండకి పగుళ్లొస్తాయి, ఒక వాన పడుతుంది, పక్క రోడ్డు మీద ఒక లారీ పోతుంది. అంతే, పెళ్ల విరిగి పడుతుంది. ఒక క్యూబిక్ మీటరు మట్టి, అంటే మన వాటర్ ట్యాంకు వెయ్యి లీటర్ల సైజు, 1.6 నుంచి 1.8 టన్నులు ఉంటుంది. చిన్న కారు కంటే ఎక్కువ బరువు. ఛాతీ దాకా కూరుకుపోయినా మనిషి ఊపిరి తీసుకోలేడు. సెల్లార్ గోతుల్లో కూలీలు చనిపోయిన వార్తలు మన పేపర్లలో చూస్తూనే ఉంటాం. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ మళ్లీ మళ్లీ ఆదేశాలిచ్చేది కూడా అందుకే. నేనూ అలాంటి వార్తల్ని ఎన్నోసార్లు పక్కకి జరిపేశాను. ఈ లెక్క వేస్తున్నప్పుడు మాత్రం జరపలేకపోయా.

మన దేశపు తవ్వకాల భద్రతా ప్రమాణాల ప్రకారం ఒకటిన్నర మీటరు, అంటే అయిదడుగులు దాటి తవ్వితే పక్కలకి వాలు ఇవ్వాలి, లేదా అడ్డుకట్టు పెట్టి ఆపాలి. మా మొరానికి ప్రతి రెండడుగుల లోతుకి ఒక అడుగు వాలు చాలన్నాడు ఇంజినీరు సార్. 12 అడుగుల లోతుకి ఒక్కో వైపు ఆరడుగులు. అప్పుడు గొయ్యి అడుగున 31 × 46 ఉంటే, పైన 43 × 58 అవుతుంది. ఘనపరిమాణం 23,232.

ఇక్కడ ఆగి ఆ 43ని ఇంకోసారి చూడండి. మా ప్లాటు వెడల్పు 40.

అంటే ఒక్కో వైపు ఒకటిన్నర అడుగు పక్కింటి జాగాలోకి పోతున్నాం. నా ప్రోగ్రాంకి అది తెలియదు, నేను ప్లాటు వెడల్పు దానికి చెప్పనే లేదు. ఒక వైపు ఖాళీ ప్లాటు. రెండో వైపు రిటైరైన టీచరమ్మ ఇల్లు. ఆమె గోడ మా సరిహద్దుకి రెండడుగుల దూరంలో ఉంటుంది. పాత సైజు రాళ్ల పునాది, లోతు నాలుగడుగులే అని ఆవిడే చెప్పింది. పునాది బరువు తిన్నగా కిందికి మాత్రమే దిగదు, పక్కలకి కూడా పరుచుకుంటూ దిగుతుంది. ఇంజినీర్లు మోటుగా 45 డిగ్రీల గీత గీసి చూస్తారు. ఆమె పునాది అడుగు నుంచి మా గోయి అడుగుకి ఎనిమిది అడుగుల తేడా. కాబట్టి ఆ గీత మా గోయి అడుగు మట్టానికి వచ్చేసరికి పక్కకి ఎనిమిది అడుగులు వస్తుంది. మా గోయి అడుగు అంచు ఆమె గోడకి ఆరున్నర అడుగుల్లోనే ఉంది. ఆమె ఇంటిని మోస్తున్న మట్టిని మేము కోసేస్తున్నామన్నమాట. మా బాపమ్మ మోకాళ్ల కోసం ఆమె గోడ పగలగొట్టడం.

దీనికి మందు ఉంది. రెండు పొడుగు పక్కలా వాలు ఇవ్వకుండా ఇనుప దూలాలు దించి, మధ్యలో పలకలు బిగించి మట్టిని ఆపాలి. షోరింగ్ అంటారు. అప్పుడు ఆ వైపుల నిలువుగా తవ్వొచ్చు, మట్టి కూడా తగ్గుతుంది. గొయ్యి 19,344కి దిగింది. కానీ షోరింగ్‌కి లక్షా డెబ్బై అయిదు వేలు చెప్పారు. మట్టిని తియ్యడానికి కాదు ఆ డబ్బు, మట్టిని అక్కడే ఉంచడానికి!

తీసిన మట్టి ఎక్కడికి పోతుంది? ఇది అసలు నా బుర్రకి తట్టనే లేదు. భూమిలో వేల ఏళ్లుగా అణిగి ఉన్న మట్టిని బయటికి తీస్తే ఉబ్బుతుంది. మామూలు మట్టి, మొరం ఇరవై నుంచి ముప్పై శాతం, పగలగొట్టిన రాయి యాభై శాతం, ఇంకా పైన. గోయిలో వంద అడుగుల మట్టి టిప్పర్‌లో నూట పాతిక అవుతుంది. మా 19,344 అలా 24,180 అయింది. మా గల్లీలోకి పెద్ద టిప్పర్ రాదు, ఆరు టైర్లది వస్తుంది, దానికి 200 అడుగులు పడుతుంది. 121 ట్రిప్పులు. రాయి ఇంకొంచెం ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి 125 అనుకోండి. ట్రిప్పుకి వెయ్యి. లక్షా పాతిక వేలు. నా మొదటి లెక్కలో ఈ లైను సున్నా. అంటే నా ప్రోగ్రాం ప్రకారం మట్టి గాల్లో కలిసిపోయింది.

అసలు బాధ వేరే. గోడ కట్టాక బయట మిగిలిన జాగాని మళ్లీ మట్టితోనే నింపాలి. గోడలతో కలిపి గది 27 × 42 × 12, అంటే 13,608. గొయ్యి 19,344. తేడా 5,736 అడుగులు తిరిగి నింపాలి. అణగ్గొట్టక ముందు ఉబ్బిన లెక్కలో 36 ట్రిప్పులు. అదే మట్టి! డబ్బిచ్చి బయటికి పంపి, మళ్లీ డబ్బిచ్చి వెనక్కి తెప్పించుకోవాలి. ప్లాటులోనే ఒక మూల పోసుకోవచ్చు కదా అన్నా. గోయి అంచు నుంచి ఒకటిన్నర మీటరు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలట. లేకపోతే ఆ కుప్ప బరువే గోడని లోపలికి తోసేస్తుంది. మాకు సగం లోతు ఆరడుగులు. ప్లాటులో ఇంటి ముందు, వెనక మిగిలేది ఒక్కో అడుగు. పక్కన మిగిలిన నాలుగున్నరలో కుప్ప పోస్తే టీచరమ్మ గోడకే ఆనుతుంది. రానూ పోనూ ఖర్చు, దిమ్మిసతో పొర పొరకీ కొట్టే కూలి కలిపి 56,000.

ఇప్పుడు రాయి. హనుమకొండలో ఎటు చూసినా గుట్టలే. హైదరాబాద్ నుంచి ఇటు దాకా మన తెలంగాణ కింద ఉన్న ఈ గ్రానైటు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. పైన మొరం ఉందంటే ఆ రాయే ఎండకీ వానకీ చివికి పొడైంది. ఎంత లోతు దాకా చివికిందో ఎవరికీ తెలీదు. ఇక్కడ మేస్త్రీ చెప్పిన ఉపాయం నాకు చాలా నచ్చింది. "పక్కిండ్లల్ల బోరు కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందో అడుగు తమ్మీ." బోరు వేసేటప్పుడు పై మట్టి కూలకుండా గట్టి రాయి తగిలే దాకా పైపు దించుతారు. దాన్నే కేసింగ్ అంటారు. కేసింగ్‌కి అడుగుల లెక్కన డబ్బు కడతారు కాబట్టి ఏ ఇంటి ఓనరూ ఆ నంబరు మర్చిపోడు! నేను సాయంత్రం నాలుగిళ్లు తిరిగా. టీచరమ్మ ఇంట్లో 40 అడుగులు. వెనక ఇంట్లో 15. మధ్యలో మేము.

నలభైకీ పదిహేనుకీ సగటు తీసి "ఇరవై ఏడున్నర" అని రాసుకున్నా. మేస్త్రీ ఆ కాగితం చూసి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది. సగటు లోతులో ఏ రాయీ ఉండదు. కేసింగ్ కూడా సుమారు సంగతే చెబుతుంది, ఎందుకంటే బోరు బండి మెత్తటి రాయిని చీల్చుకుంటూ పోతుంది, జేసీబీ పళ్లకి అదే రాయి లొంగదు. తేల్చుకోవడానికి ఒకటే దారి: తవ్వి చూడాలి. జేసీబీ గంటకి 1,200, అయిదు గంటలు, 6,000. మూడు గుంతలు. నాన్న మొదట ఒప్పుకోలేదు. తవ్వడానికి ఎంతవుతుందో తెలుసుకోవడానికి తవ్వడమేంటని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ మా మొత్తం లెక్కలో అన్నిటికన్నా లాభమిచ్చిన ఆరు వేలు అవే.

ముందు గుంత, గేటు దగ్గరిది, పన్నెండు అడుగులూ మొరమే. బంగారంలా వచ్చింది. మధ్య గుంతలో తొమ్మిది అడుగుల దగ్గర మెత్తరాయి. వెనక గుంతలో ఆరడుగుల దగ్గర బకెట్ కిర్రుమంది. ఆపరేటర్ ఇంకో రెండుసార్లు గీకి చేతులెత్తేశాడు. షీట్ రాక్. నేను దిగి ముట్టుకున్నా, చల్లగా, నున్నగా ఉంది. కొలతల మాట మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డా.

ఒక్కో గుంత గోయిలో మూడో వంతుకి గుర్తు అనుకుంటే, గట్టి రాయి 2,850 అడుగులు, మెత్తరాయి 1,425. ఇళ్ల మధ్య పేలుళ్లు కుదరవు. మిగిలింది బ్రేకర్. గంటకి 1,800. గ్రానైటులో గంటకి 50 అడుగులు రాల్చుతుందనుకుంటే 57 గంటలు, 1,02,600 రూపాయలు. 80 రాల్చితే అరవై నాలుగు వేలే. 30 రాల్చితే లక్షా డెబ్బై ఒక వెయ్యి. ఏది నిజమో మొదటి రోజు సాయంత్రానికి గానీ తెలియదు. ఇంకో పద్ధతి ఉంది, రాయికి వరసగా రంధ్రాలు వేసి, తడిస్తే ఉబ్బే సున్నం లాంటి పొడి కలిపి పోస్తారు. రాత్రికి రాత్రి అది ఉబ్బి రాయిని చీలుస్తుంది. చప్పుడు లేదు, కానీ నిదానం. బాపమ్మ ఇదంతా విని, వాళ్ల చిన్నప్పుడు ఊళ్లో వడ్డెరోళ్లు బండ మీద మంట పెట్టి పొరలు లేపేవారని చెప్పింది. వేడికి పై పొర వ్యాకోచించి కింది పొర నుంచి విడిపోతుంది. ఫిజిక్స్ పుస్తకంలో రైలు పట్టాల ఉదాహరణ కంటే ఇది బాగుంది.

నీళ్ల గురించి కూడా చెప్పింది బాపమ్మే. ఈ కాలనీ రాకముందు ఇక్కడ చేదబావి ఉండేదట. కార్తీకంలో నీళ్లు ఎనిమిది అడుగుల్లోనే అందేవట. ఇప్పుడు బోర్లు పడ్డాక అంత పైకి రాకపోవచ్చు, కానీ మంచి వానలు పడిన ఏడాది రావచ్చు. మా గొయ్యి 12 అడుగులు. ఖాళీ బిందెని నీళ్లలోకి నొక్కి చూడండి, చేతిని పైకి తోస్తుంది. మా గది కూడా బిందెలాంటిదే. నాలుగడుగుల నీళ్లు దాన్ని పైకి తోసే బలం, ఆ విస్తీర్ణానికి, 125 టన్నుల పైనే. పైన ఇంటి బరువు పడ్డాక పర్లేదు. కట్టే మధ్యలో, గోడలు లేచి పైకప్పు పడకముందు, భారీ వాన వస్తే కష్టం. అందుకే పంపు మోటారు, డీజిలు, చూసుకునే మనిషి. ఇరవై వేలు వేసుకున్నాం.

మొత్తం కూడా చెప్పేస్తా. మామూలు మట్టి 15,069 అడుగులు, ఎనిమిది రూపాయల లెక్కన 1,20,552. మెత్తరాయి దానికి రెట్టింపు రేటు, 22,800. గట్టి రాయి 1,02,600. టిప్పర్లు 1,25,000. తిరిగి నింపడం 56,000. చూసే గుంతలు 6,000. నీళ్లు 20,000. షోరింగ్ 1,75,000. కలిపితే 6,27,952. ఆ చివరి 952 రూపాయలు చూసి మోసపోకండి. వెనక మూల దొరికిన షీట్ రాక్ అడుగంతా పరుచుకుని ఉంటే ఇదే లెక్క ఏడున్నర లక్షలు దాటుతుంది. ఇందులో ఒక్క బస్తా సిమెంటు లేదు, ఇది ఉత్త గొయ్యి.

ఎనభై వేల నుంచి ఆరు లక్షల ఇరవై ఎనిమిది వేలు. నాన్నకి చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నా.

ఈ మధ్యలో తవ్వకాల కాంట్రాక్టర్ ఒకాయన వచ్చి లెక్క చూశాడు. వేలు నేరుగా షోరింగ్ లైను మీద పెట్టాడు. "ఇదెందుకు? నాలుగు దినాలల్ల గోడ లేపేస్తం, ఏం కాదు." ఆ లైను డిలీట్ చేస్తే మొత్తం నాలుగున్నర లక్షలకి వస్తుంది. నాన్న నా వంక చూశాడు. నిజం చెప్పాలంటే నా వేలు కూడా ఆ లైను దాకా వెళ్లింది. ఎక్సెల్‌లో ఒక లైను తీసేయడం ఎంత తేలికో మీకు తెలుసు. ఆ లైను పోతే ఆరువేలో పదివేలో మిగలదు, లక్షా డెబ్బై అయిదు వేలు మిగులుతుంది. అది నాన్నకి కుర్చీలు, షామియానాలు మోయించి సంపాదించే ఒక సీజను. కానీ ఆ లైను పోయాక గోయిలో నిలబడేది నేనూ కాదు, ఆ కాంట్రాక్టరూ కాదు. నాన్నే మాట్లాడాడు: "వానొస్తే మా పందిరే ఆగదు. మట్టి ఏం ఆగుతది?" కాంట్రాక్టర్ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

అయినా నాన్న ఆశ చావలేదు. లోను ఇంకో మూడు లక్షలు పెంచితే, మూడో గది మానేస్తే అని ఏదో కూడుతున్నాడు. అప్పుడు బాపమ్మ మంచం మీద నుంచి అడిగింది: "అంతా మంచిగనే ఉన్నది గని, బండి అందుల్కి ఎట్ల దిగుతదిరా?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ర్యాంపు! పార్కింగ్ కోసం గది లెక్క వేస్తూ, బండి లోపలికి పోయే దారి ఎవరమూ వేయలేదు. బండ్ల ర్యాంపుకి మామూలుగా ఎనిమిదికి ఒకటి వాలు ఇస్తారు, ఎనిమిది అడుగులు ముందుకి పోతే ఒక అడుగు దిగాలి. అంతకన్నా నిటారైతే కుర్చీల లోడుతో ట్రాలీ ఎక్కదు. పది అడుగులు దిగడానికి ఎనభై అడుగుల ర్యాంపు కావాలి. మా ప్లాటు పొడవే అరవై. సెల్లార్‌ని సగం పైకి లేపి అయిదడుగులే దిగినా నలభై అడుగులు పోతుంది. అప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ కూడా అయిదడుగులు పైకి లేస్తుంది, బాపమ్మకి మళ్లీ మెట్లు. ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చాం.

ఇది జరిగిన వారానికి ఇంజినీరు సార్ ఫోన్ చేశారు. మొదటి రోజే ఆయన "ప్లాటు సైజుని, రోడ్డుని బట్టి పర్మిషన్ ఉంటుంది, కనుక్కుని చెప్తా" అని ఉన్నారు. మేము అది విని మర్చిపోయాం. మా సైజు ప్లాటుకి స్టిల్ట్ వరకే, సెల్లార్‌కి ఇవ్వరట. ఆ ఒక్క ఫోను ముందు చేసి ఉంటే నాకు నెల రోజులు, నాన్నకి ఆరు వేలు మిగిలేవి. మీరు లెక్క మొదలుపెట్టేటప్పుడు ఈ ఫోను ముందు చెయ్యండి. తర్వాత ర్యాంపు గీయండి. ఆ తర్వాతే సీఎఫ్‌టీలు.

ఇప్పుడు ప్లాను మారింది. స్టిల్ట్‌లో సగం బండ్లకి, గేటు వైపు సగంలో ఒక గది, బాత్‌రూం. బాపమ్మకి. ఎంత భాగం గదికి వాడుకోవచ్చో ఈసారి ముందే సార్‌ని అడిగి గీయించాం. గదిలో గడప పెట్టొద్దని బాపమ్మ, గడప లేకుండా ఇల్లేంటని అమ్మ, ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది. ఆరు వేలు మొత్తం వృథా కాలేదు, గేటు దగ్గర బంగారంలా మొరం వచ్చిన గుంతనే నీళ్ల సంపు చేస్తున్నాం.

సంపు లెక్క కూడా నాన్న నాకే ఇచ్చాడు. లోపల 8 × 6, లోతు 7. నేను ఈసారి గోడ మందం, పనిచేసే జాగా, అడుగు కాంక్రీటు అన్నీ కలిపి, వాలు కూడా వేసి, కాంపౌండ్ గోడకి ఎంత దూరమో చూసి, కాగితం మీద నీట్‌గా రాసి మేస్త్రీకి ఇచ్చా. ఆయన చాలాసేపు చూశాడు.

"మంచిగున్నది తమ్మీ," అన్నాడు. "సిమెంటు లారీ ఈ గుంత మీదికెళ్లి ఎట్ల పోతది?"

గేటు ఒకటే కదా మాకు.